పచ్చళ్ల వ్యాపారం ఏమైంది? తెలుగు డైలీ సీరియళ్ల బృందాలకు ఒక బహిరంగ లేఖ

తెలుగు టీవీ సీరియళ్ల రచయితలకు, దర్శకులకు, నిర్మాతలకు, ఛానళ్లలో కథలు ఖరారు చేసే పెద్దలకు,

నమస్కారం.

నేను తెనాలిలో లేడీస్ టైలర్‌ని. షాపులో ఒక టీవీ ఉంది. సాయంత్రం ఆరు నుంచి షట్టర్ దించే వరకు అది మోగుతూనే ఉంటుంది. దూరదర్శన్‌లో మంజులా నాయుడు గారి ‘ఋతురాగాలు’ వచ్చిన రోజుల నుంచి సీరియళ్లు చూస్తున్నాను. నిజానికి చూసేది తక్కువ, వినేది ఎక్కువ. కళ్లు మిషను సూది మీద ఉంటాయి. వారానికి ఆరు భాగాలు వండి వడ్డించడం ఎంత కష్టమో ఊహించగలను. మీ నటీమణులు కట్టే చీరలు, వేసుకునే బ్లౌజుల వల్ల నాలాంటి వాళ్లకు పని దొరికిందనీ ఒప్పుకుంటాను. పొగడ్త ఇంతటితో సరి.

మీలో ఒక బృందానికి గతంలో ఉత్తరం రాశాను. ఛానల్ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. ఫోను చేస్తే, బహుమతి పోటీలో పాల్గొనాలంటే ఒకటి నొక్కమంది. కథ గురించి మాట్లాడాలంటే నొక్కడానికి అంకె ఏదీ లేదు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను. ఆ సీరియల్ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే నింద ఆ ఒక్కరి మీదే పడుతుంది. రాయకపోతే కనీసం అరడజను బృందాలైనా ‘ఇది మన గురించేనా’ అనుకుంటాయి. అలా అనుకోవాలనే నా కోరిక.

కథ ఇలా మొదలైంది. భర్త వదిలేసిన పెద్ద కూతురు పుట్టింటికి వస్తుంది. ఒకరి మీద ఆధారపడకూడదని పచ్చళ్ల వ్యాపారం పెడుతుంది. తొలి ఆర్డరుకు పెట్టిన ఆవకాయలో తడి తగిలి బూజు వస్తుంది. డబ్బు తిరిగి ఇవ్వాలా, మళ్లీ పెట్టి పంపాలా అని ఆమె వారమంతా మథనపడింది. ఆ వారం మా షాపులో గొడవే గొడవ. మిరపకారం ఎవరి దగ్గర కొన్నదని ఒకరు, జాడీ ఎండలో పెట్టలేదని ఇంకొకరు. ఒకామె కొలతలు ఇవ్వడానికి వచ్చి, కొలతలు ఇవ్వకుండానే వాదించి వెళ్లిపోయింది. ఆ నెలల్లో ఆ అమ్మాయి బ్లౌజు ఫోటో ఫోనులో పట్టుకుని వచ్చి ‘మోచేతి దాకా చేతులు, అంచుకు సన్నటి పైపింగ్, ఇలాగే కావాలి’ అని అడిగినవాళ్లు ఎందరో.

తర్వాత కారు ప్రమాదం వచ్చింది. ఆమెకు గతం గుర్తు లేకుండా పోయింది. అచ్చం ఆమెలాగే ఉండే మరో అమ్మాయి ఊడిపడింది. పామూ వచ్చింది. పచ్చళ్ల వ్యాపారం ఏమైందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మూతపడినట్టు కూడా చూపించలేదు, ఒక సోమవారం నుంచి అది కథలో లేదు, అంతే. ఇప్పుడు ఆ సీరియల్ వచ్చే సమయంలో మా షాపులో రిమోట్ చేతులు మారుతుంది. ఆ బ్లౌజు ఫోటో తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. రేటింగు మీకు గురువారం తెలుస్తుంది, నాకు రోజూ తెలుస్తుంది.

ప్రేక్షకులు ఫోన్లలోకి వెళ్లిపోయారు, అందుకే సీరియళ్లు పడిపోతున్నాయని మీరు అంటారు. ఫోనులో కూడా వాళ్లు చూసేది మీ సీరియళ్లనే. రాత్రి రావలసిన భాగం పొద్దున్నే యాప్‌లో వచ్చేస్తే, పనులు చేసుకుంటూ ముందుకు జరుపుకుని చూస్తున్నారు. జరుపుకునే వీలు ఎందుకు దొరుకుతోందన్నదే ప్రశ్న. నా ఉద్దేశం ఒకటే. జరిగింది జరిగినట్టు నిలవకపోవడం వల్లనే మీ కథలు కూలుతున్నాయి. ఏది జరిగినా రేపు చెరిపేస్తారని తెలిశాక ఈ రోజు చూడవలసిన అవసరం ఏముంది? కింద రాసిన డిమాండ్లన్నీ దీని నుంచి పుట్టినవే.

1. ఒక పాత్రకు తెలిసిన నిజం ఇక తెలిసినట్టే ఉండాలి.

తలుపు చాటున నిలబడి నిజం విన్న మనిషి, చెప్పబోయే సమయానికి స్పృహ తప్పడం, లేచాక మరచిపోవడం ఇకనైనా మానండి. నిజం బయటపడితే కథ అయిపోతుందని మీ భయం. అది బయటపడిన తర్వాతనే అసలు కథ ఉంటుంది. ‘నా కొడుకును పుట్టగానే వేరే బిడ్డతో మార్చింది మా అత్తగారే’ అని తెలిసిన కోడలు, మర్నాడు పొద్దున ఆమెకు కాఫీ ఇస్తుందా, ఇవ్వదా? ఆ ఒక్క కాఫీ మీద వారం నడపవచ్చు.

దీనికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైన ‘కార్తీక దీపం’ మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. దీప కడుపులోని బిడ్డ తనది కాదని ఆమె భర్త డాక్టర్ కార్తీక్ పడిన ఒక్క అనుమానం మీద అది ఏళ్ల తరబడి తెలుగు ఇళ్లను కూర్చోబెట్టింది. రాత్రి ఏడున్నరకు ఐపీఎల్ మ్యాచ్ మొదలైతే, రిమోట్ ఎవరి చేతిలో ఉండాలని ఇళ్లలో తగవులు పడ్డారు. డాక్టరై ఉండి ఒక పరీక్ష చేయించుకోలేడా అని జనం నవ్వారు. నవ్వుతూనే చూశారు, ఎందుకంటే ఆ అనుమానానికి ఎప్పటికైనా జవాబు దొరుకుతుందన్న నమ్మకం ఉంది. 2022 మార్చిలో దీపనూ కార్తీక్‌నూ ప్రమాదంలో చంపి, కథను ఎదిగిన పిల్లల మీదికి మళ్లించారు. ఆదరణ పడిపోయింది. కొన్ని నెలలకే ఇద్దరినీ బతికించి తీసుకువచ్చారు. అయినా పాత వైభవం రాలేదు. 1,569 భాగాల దగ్గర, 2023 జనవరిలో సీరియల్ ముగిసింది. చంపడం ఒక దెబ్బ అయితే, బతికించడం మరో దెబ్బ అని నేను అంటాను. మనం నిజంగా ఏడ్చిన ఏడుపును ‘ఉత్తుత్తిదే’ అని తేల్చేశారు. ఆ తర్వాత ఎవరు చనిపోయినా కన్ను తడవదు. 2024లో అదే జంటతో ‘నవవసంతం’ అంటూ కొత్త కథగా మొదలుపెట్టడం చాలా మేలైన పద్ధతి. పాతదాన్ని పీకి పాకం పట్టలేదు, కొత్తగా చెప్పారు.

2. పాత్రలకు పని తిరిగి ఇవ్వండి.

తెలుగు సీరియళ్లలో జనం నోళ్లలో అందరికంటే ఎక్కువగా నానిన ఇద్దరిని చూడండి: ‘కార్తీక దీపం’లోని వంటలక్క (దీప), డాక్టర్ బాబు (కార్తీక్). ఇద్దరినీ మనం పిలిచేది వాళ్లు చేసే పనితోనే. ‘మొగలిరేకులు’ ముగిసి పదేళ్లు దాటినా ఆర్.కె. నాయుడు అంటే పోలీసు దుస్తులే కళ్ల ముందుకు వస్తాయి. అంతకు మించిన రుజువు ఏ సర్వేలోనూ దొరకదు. ఇప్పటి నాయికలను దేనితో పిలవాలి? పెద్ద కోడలు, చిన్న కోడలు, ఇంటి కోడలు. హీరో ఏదో ‘కంపెనీ’కి ఎండీ. ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో ఏళ్లు గడిచినా తెలియదు. ఫైలు మీద సంతకం పెట్టించుకుని ఆస్తి కాజేసే రోజున తప్ప ఆఫీసు కనిపించదు.

పచ్చళ్ల వ్యాపారం సంగతే తీసుకోండి. అందులో కథ లేదా? చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్ర పథకంలో ‘శిశు’ అనే తొలి మెట్టు రుణం 50,000 రూపాయల వరకు ఇస్తారు. ఆ దరఖాస్తుతో బ్యాంకుకు వెళ్లిన ఒంటరి ఆడమనిషిని ‘మీ ఆయన రాలేదా’ అని అడిగే ఉద్యోగి ఉంటాడు. సీసా మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు ఉండాలి. అది లేదని సరుకు వెనక్కి పంపే దుకాణదారు ఉంటాడు. మామిడికాయ వచ్చేది వేసవిలోనే, అప్పుడు పెట్టుబడి పెట్టాలి. అమ్మకం మాత్రం ఏడాది పొడవునా జరగాలి, మధ్యలో డబ్బు ఎలా తిరుగుతుంది? నువ్వుల నూనె ధర పెరిగితే నాణ్యత తగ్గించాలా, ధర పెంచాలా? పక్క ఊళ్లో డ్వాక్రా సంఘం అదే పచ్చడి తక్కువకు ఇస్తుంది. వాళ్లు శత్రువులా, తోడా? విషం కలపవలసిన పని లేకుండానే ఏడాది నడుస్తుంది.

మా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది ఏదో ఒక పని చేసుకుని బతికేవాళ్లు. ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్మేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఆసుపత్రిలో ఆయాలు. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో టీవీలో చూపించేది మీరు ఒక్కరే. సినిమాలకు ఆ తీరిక లేదు. మీరూ మానేస్తే వాళ్లు ఎక్కడా కనిపించరు.

3. ఇరవై నాలుగు నిమిషాలూ కథకే ఇవ్వండి.

గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని నిబంధన. ఆ లెక్కన అరగంటలో ఇరవై నాలుగు నిమిషాలు మీ చేతిలో ఉంటాయి. అందులో నిన్నటి కథ, టైటిల్ పాట, నిన్నటి చివరి సీను మళ్లీ మొదటి నుంచి, ఒకే మాటకు ఆరుగురి ముఖాలు మూడేసి సార్లు, రేపటి ప్రోమో. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒకటిన్నర సీను. మీటరు గుడ్డ ఇచ్చి నాలుగు బ్లౌజులు కుట్టమంటే ఎలా ఉంటుందో మీ రచయితల పరిస్థితి అలా ఉంది. పాపం, వాళ్లను అని లాభం లేదు.

పైగా సగం మంది వినేవాళ్లమని మీకు తెలియనట్టుంది. వంటింట్లో ఉన్న మనిషికి, మిషను మీద ఉన్న నాకు, చూపు మందగించిన పెద్దవాళ్లకు ఆ ఉరుము లాంటి చప్పుడు మూడుసార్లు వినిపిస్తుంది, అంతే. ఎవరు ఎవరిని చూశారో తెలియదు. మాటలు రాయండి. మాటకు మాట పడే సీను ఒక్కటి ఉన్నా కత్తెర చేతిలోనే ఆగిపోతుంది.

4. తాళి, పెళ్లి, బిడ్డ అనే విషయాల్లో చట్టం తెలుసుకుని రాయండి.

ఇది వినోదానికి సంబంధించిన ఫిర్యాదు కాదు. దీని ఫలితం మా మీద పడుతోంది.

మా షాపులో పని నేర్చుకునే అమ్మాయి ఒకరోజు హెమ్మింగ్ చేస్తూ అడిగింది: “బలవంతంగా కట్టినా తాళి తాళే కదా అక్కా?” తనకు తోచిన ప్రశ్న కాదది, టీవీలో చూస్తున్న దాన్ని బట్టి అడిగింది. హీరో కోపంతోనో పంతంతోనో మెడలో తాళి కట్టేస్తాడు. ఆ క్షణం నుంచి ఆమె భార్య. ఇంట్లో వాళ్లు కూడా ‘ఇక నీ రాత ఇంతే’ అంటారు. ఆ తర్వాత అతను మంచివాడని తేలుతుంది, ఆమె ప్రేమిస్తుంది. ఈ దారిలో నడిచిన సీరియళ్లు ఎన్నో మీకే బాగా తెలుసు.

1955 నాటి హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం బలవంతంగా పొందిన సమ్మతితో జరిగిన పెళ్లిని రద్దు చేయమని ఆమె కోర్టును అడగవచ్చు. బలవంతం తొలగిన ఏడాది లోపే అడగాలి. ఆ గడువు సంగతి తెలియక ఎందరు ఊరుకుని ఉంటారో! ఒక స్త్రీని బలవంతంగా పెళ్లాడాలని అపహరిస్తే భారతీయ న్యాయ సంహిత ప్రకారం పదేళ్ల వరకు జైలు. మొదటి భార్య బతికి ఉండగా, విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా నేరం. మీ హీరోలు ఇద్దరు భార్యల మధ్య నలిగిపోతూ సానుభూతి పొందుతారే గాని, పోలీసు స్టేషను గుమ్మం తొక్కరు.

సరోగసీ, అంటే అద్దె గర్భం కథలు మరీ అన్యాయం. తమ్ముడి చదువు కోసం డబ్బు తీసుకుని పెళ్లికాని అమ్మాయి గర్భం మోయడం మీకు ఇష్టమైన మలుపు. 2021 నాటి సరోగసీ నియంత్రణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని అలా చేయడం కుదరదు. బిడ్డను మోసే స్త్రీకి పెళ్లై, అప్పటికే సొంత బిడ్డ ఉండాలి. వయసు 25 నుంచి 35 ఏళ్ల లోపు ఉండాలి. మీ కథలో నాయిక త్యాగమూర్తి, బయట అదే పని చేయిస్తే ఆసుపత్రి నేరం చేసినట్టు. అప్పుల్లో ఉన్న ఇంటి అమ్మాయి ఆ సీరియల్ చూసి ‘ఇలా ఒక దారి ఉందన్నమాట’ అనుకుంటే బాధ్యత ఎవరిది? తెర కింద చిన్న అక్షరాలతో పరుగెత్తే ‘కల్పితం’ అన్న వాక్యానిదా?

చట్టం రాస్తే నాటకీయత పోతుందని అనుకోకండి. బలవంతపు తాళిని తీసి బల్ల మీద పెట్టి ‘ఇది పెళ్లి కాదు’ అని కోర్టులో చెప్పే అమ్మాయిని ఒక్క వారం చూపించండి. ఆ వారం మా షాపులో మిషన్లు నడవవు, నాది పూచీ.

5. పనిమనిషిని దొంగగా, నల్లగా ఉన్న అమ్మాయిని జాలిగా, పెళ్లికాని స్త్రీని విలన్‌గా చూపించడం మానండి. దీనికి వివరణ అక్కర్లేదు.

6. కథకు ముగింపు ముందే రాసుకోండి.

ఈటీవీ ‘అభిషేకం’ 2008లో మొదలై 2022 వరకు నడిచి, 4,000 భాగాలు పూర్తి చేసింది. గౌరవించవలసిన విషయమే. అందరికీ అది సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఏడాదికి మూడు వందల భాగాలు వేసుకున్నా, రెండేళ్లలో ఒక కుటుంబం కథ నిండుగా చెప్పవచ్చు. ముగింపు ఎక్కడో తెలిస్తేనే మధ్యలో ఏది అవసరమో తెలుస్తుంది.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. రేటింగు ఉంటే సాగదీస్తారు, పడితే ఒక్క వారంలో విలన్‌ను జైలుకు పంపి, అందరినీ గుడి మెట్ల మీద నిలబెట్టి శుభం కార్డు వేస్తారు. ఇందులో నష్టపోయేది మేము మాత్రమే కాదు. లైట్‌మన్లు, మేకప్ సహాయకులు, పక్కన నిలబడి డైలాగులు అందించే ప్రాంప్టర్లు, గొంతు అరువిచ్చే డబ్బింగ్ కళాకారులు రోజు కూలి లెక్కన బతికేవాళ్లు. వచ్చే నెల షూటింగు ఉంటుందో లేదో వాళ్లకు తెలియదు. ముగింపు తేదీ కనీసం మూడు నెలల ముందు యూనిట్‌కూ ప్రేక్షకులకూ ప్రకటించాలని నా డిమాండ్. చివరి మూడు నెలలూ జనం తప్పక చూస్తారు.

నటి మారితే కూడా చెప్పండి. తెర అడుగున ఒక పట్టీ వేసి వదిలేయడం మర్యాద కాదు. ఏళ్ల తరబడి ఇంట్లో తిరిగిన మనిషి కదా, వెళ్తున్నానని ఒక మాట ఆమె చేతనే చెప్పించండి.

7. మా మాట వినడానికి ఒక తలుపు తెరవండి.

రేటింగులు లెక్కించే బార్క్ సంస్థ మీటర్లు దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్లలో ఉన్నాయి. ఎందరు చూశారో అవి చెబుతాయి. ఎందుకు మానేశారో చెప్పవు. అభ్యంతరకరమైన దృశ్యాల మీద ఫిర్యాదు తీసుకోవడానికి 2011 నుంచి ఒక మండలి ఉంది. కథ నీరసంగా ఉందని దానికి ఫిర్యాదు చేయలేం కదా.

1984 జులైలో దూరదర్శన్‌లో హిందీ సీరియల్ ‘హమ్ లోగ్’ మొదలైనప్పుడు తొలి భాగాలు జనానికి ఎక్కలేదు. కుటుంబ నియంత్రణ పాఠాలు ఎక్కువ, కథ తక్కువ. పదమూడు భాగాల తర్వాత పాఠాలు తగ్గించి, ఆ ఇంటి మనుషుల గొడవల మీదికి రచయిత మనోహర్ శ్యామ్ జోషి కలం మళ్లింది. భాగం చివర హిందీ సినిమా నటుడు అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులతో మాట్లాడేవారు. ఆయనకు నాలుగు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. నీరసపడిన సీరియల్‌ను బతికించే మందు ఈ దేశంలో నలభై ఏళ్ల కిందటే దొరికింది. ఖరీదైనదేమీ కాదు, పోస్టు కార్డు ధర.

మీరు ఊళ్లకు వస్తున్నారు, కాదనను. మైదానంలో వేదిక కట్టి, కుర్చీలాట ఆడించి, గెలిచినవారికి చీర ఇచ్చి వెళ్తున్నారు. ఈసారి యాంకర్లతో పాటు ఒక రచయితను కూడా తీసుకురండి. నెలకు ఒక ఊరు, ఒక గంట చాలు. చీర వద్దు, కుర్చీలో కూర్చుని మేము చెప్పేది రాసుకుంటే చాలు. ఛానల్ ఫోను నంబరులో కథ గురించి చెప్పడానికి ఒక అంకె కేటాయించండి. వచ్చిన ఉత్తరాల్లో నెలకు రెండింటికి ప్రసారంలోనే జవాబు ఇవ్వండి, తిట్టిన ఉత్తరాలకు కూడా.

ఈ ఏడింటిలో మొదటి రెండింటికి రూపాయి ఖర్చు లేదు. కొత్త సెట్టు వేయనక్కర్లేదు, కొత్త నటుడు రానక్కర్లేదు. నేను చెబుతున్న ఆ సీరియల్‌లో పచ్చళ్ల కొట్టు బోర్డు ఇప్పటికీ హాల్లో బీరువా పక్కన నిలబెట్టి ఉంది. సీను మధ్యలో కెమెరా అటు తిరిగినప్పుడు కనిపిస్తుంది. కళా విభాగం వాళ్లు తీయడం మరచిపోయారో, దాచి ఉంచారో తెలియదు. రాబోయే షెడ్యూలులో ఆ అమ్మాయి చేత ఆ బోర్డు తుడిపించండి. గతం గుర్తు వచ్చిందని డాక్టరు చేత చెప్పించవద్దు, ఆమె చేత ఆవపిండి కొలిపించండి.

వ్యాపారం ఎలా నడుస్తుందో రచయితలకు తెలియకపోతే, మా వీధిలో ఇద్దరు మహిళలు పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారు. లెక్కల పుస్తకాలు చూపించడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఆదివారం షాపు సెలవు, ఆ రోజు వస్తే దగ్గరుండి తీసుకువెళ్తాను.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు,
లేడీస్ టైలర్, తెనాలి